ఇరవై మూడో నంబరు

నేను ఒక ఇత్తడి బిళ్లను. పాత రూపాయి నాణెం కంటే కాస్త పెద్దగా ఉంటాను. పైన దారం దూరేందుకు ఒక బెజ్జం, మధ్యలో లోతుగా దిగగొట్టిన అంకె, ఇరవై మూడు. చూసినవాళ్లు రైల్వే కూలీ చేతికి కట్టుకునే బిళ్ల అనుకుంటారు. నన్ను కట్టింది మాత్రం చనిపోయినవాళ్ల కుడికాలి బొటనవేలికి.

ఇది విని మీరు కాస్త వెనక్కి జరిగి ఉంటారు. చాలామంది అలాగే జరుగుతారు. నేనేమీ అనుకోను.

నన్ను చేసినాయన సూర్యాచారి. ఊరి మధ్య ఇరుకు సందులో ఆయన కొలిమి. పగిలిన చెంబులు, అడుగు పోయిన బిందెలు, ఎవరింట్లోనో అరవై ఏళ్లు వెలిగి విరిగిపోయిన దీపపు సెమ్మె, అన్నీ కలిపి కరిగించి రేకు తీసి, మమ్మల్ని నలభై మందిని కోశాడు. కోశాక ఒక్కొక్కరి అంచునీ ఆకురాయితో అరగదీస్తూ కూర్చున్నాడు. మమ్మల్ని తీసుకెళ్లడానికి మెడికల్ కాలేజీ నుంచి వచ్చిన జకరయ్యకు తొందరగా ఉంది. ఆ అరగదీయడం ఎందుకయ్యా, గుచ్చుకున్నా వాళ్లకేం తెలుస్తుంది అన్నాడు. సూర్యాచారి తలెత్తకుండానే, "తెలియదు కాబట్టే మనం చూసుకోవాలి" అన్నాడు. జకరయ్య ఆ తర్వాత తొందరపెట్టలేదు.

జకరయ్య అనాటమీ విభాగంలో అటెండరు. అనాటమీ అంటే మనిషి శరీరం లోపల ఏది ఎక్కడుందో, ఏది దేనికి అతుక్కుని ఉందో విప్పి చూసి నేర్చుకునే చదువు. డాక్టరు కావాలనుకున్న ప్రతివాళ్లూ మొదటి ఏడాది ఆ గుమ్మం దాటాల్సిందే. పొడుగాటి హాలు, ఎత్తైన కిటికీలు, రెండు వరసల్లో రాతి బల్లలు, బల్లకొక మనిషి. హాలు వెనక గదిలో, శరీరం చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్ మందు నింపిన సిమెంటు తొట్టి. తరగతులు మొదలయ్యేదాకా మనుషులు అందులో ఉంటారు. పెద్దాసుపత్రిలో చనిపోయి, గడువు లోపల ఎవరూ రాని వాళ్లను పోలీసుల కాగితంతో అక్కడికి పంపిస్తారు. జకరయ్య వాళ్లను కడిగి, నరంలోకి మందు ఎక్కించి, వేలికి మాలో ఒకరిని కట్టి, రిజిస్టరులో రాయించేవాడు. నంబరు, తేదీ, ఆడో మగో, వయసు సుమారుగా. పేరుకు కూడా ఒక గడి ఉండేది. అందులో దాదాపు ఎప్పుడూ అడ్డగీతే.

ఏడాది చివర మిగిలినదాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి మునిసిపాలిటీ వాళ్ల శ్మశానంలో పూడ్చేవారు. నన్ను విప్పి, సబ్బునీళ్లలో మరగబెట్టి, తోమి, మళ్లీ మేకుకు తగిలించేవారు. అలా నేను చాలామందితో ఉన్నాను. పసుపు రంగు ఇంకా వదలని పాదాలున్న ఒక ముసలమ్మ. జీవితమంతా చెప్పుల్లేకుండా నడిచి మడమలు రాయిలా అయిన ఒకాయన. వాళ్లెవరో నాకూ తెలియదు. పాదాన్ని బట్టి మనిషి గురించి కొంత తెలుస్తుంది, పేరు మాత్రం తెలియదు.

పిల్లల్ని గమనించడం నాకు కాలక్షేపం. మొదటిరోజు అందరూ గోడకు ఆనుకుని నిలబడతారు. ఒకరిద్దరు కళ్లు తిరిగి పడిపోతారు. వారం తిరిగేసరికి అదే బల్ల మీద మోచెయ్యి ఆనించి సినిమా కబుర్లు చెప్పుకుంటారు. అది నిర్దయ అని మొదట్లో అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత, భయాన్ని దాచుకోవడానికి మనుషులకు అంతకంటే మంచి చోటు దొరకదని అర్థమైంది. మనిషి ఒంట్లో కండరాలు వందలకొద్దీ ఉన్నాయి. వాటి పేర్లన్నీ నోటికి వచ్చేదాకా వల్లె వేస్తారు. ఎదురుగా పడుకున్న మనిషికి ఉన్న ఒకే ఒక్క పేరు మాత్రం ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ తోచదు. నాకు అన్నిటికంటే వింతగా తోచింది అదే.

ఇక నేను చెప్పదలుచుకున్న సంగతి.

ఒక మే నెలలో పెద్దాసుపత్రి నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. జ్వరంతో బస్టాండులో పడిపోతే ఎవరో తెచ్చి ఆసుపత్రిలో చేర్చారట. మాట పెగలకుండానే పోయాడట. ఆయన వేలికి నన్ను కట్టారు. రెండురోజులు తిరగకముందే ఇంచుమించు అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇంకొకాయన వచ్చాడు. ఆయనకు పంతొమ్మిదో నంబరు కట్టారు. పక్కపక్కనే తొట్టిలో ఉన్నాం.

జూన్‌లో తొట్టి కడిగారు. ఫార్మలిన్‌లో నానినానీ మా దారాలు పుచ్చిపోయాయి. మనుషుల్ని పైకెత్తేసరికి నేనూ పంతొమ్మిదీ జారి అడుగున పడ్డాం. జకరయ్య తడిమి మమ్మల్ని తీశాడు, చెరొక చేతిలో పట్టుకున్నాడు. ఆ ఇద్దరి వంకా చూశాడు. ఆ మందులో కొన్నాళ్లున్నాక అందరి ఒంటి రంగూ ఒకటే, అందరి ముఖమూ ఒకటే. వెళ్లి రిజిస్టరు తెరిచాడు. రెండుచోట్లా ఒకే రాత. మగ, నలభై సుమారు, గుర్తులు లేవు. తిరిగి వచ్చాడు. ఎవరికైనా చెబితే విచారణ అంటారు, కాగితాలంటారు. చెప్పకపోతే నష్టపోయేవాళ్లెవరు? ఈ ఇద్దరికోసం ఎవరూ రాలేదు, ఇక రారు. అలా అనుకుని ఉంటాడు. కొత్త దారం తీసి నన్ను ఒకరికి, పంతొమ్మిదిని ఒకరికి కట్టేశాడు.

తప్పు కట్టాడు. ఆ పాదం నాది కాదని తగలగానే నాకు తెలిసింది. నెలరోజులు ఆనుకుని ఉన్న వేలు కదా. కానీ ఇత్తడికి నోరు లేదు.

సెప్టెంబరులో తరగతులు మొదలయ్యాయి. నా బల్లకు ఎనిమిదిమందిని వేశారు. వాళ్లలో ఒకమ్మాయి కస్తూరి. మారుమూల పల్లెబడిలో తెలుగులో చదువుకుని వచ్చిందట. పాఠం ఇంగ్లీషులో జరుగుతుంటే పెదవులు కదుపుతూ వినేది. ఏనాడూ చెయ్యెత్తి ప్రశ్న అడగలేదు, అడిగినా జవాబు చెప్పేది కాదు. కానీ ఆ చేతుల్లో ఓపిక ఉండేది. కొవ్వును గింజ గింజగా తీసి, దారప్పోగులాంటి నరాన్ని తెగకుండా బయటపెట్టేది. ఫణి అనే కుర్రాడు పక్కన నిలబడి, "మామయ్యా, కస్తూరి అడిగితేనే అన్నీ చూపిస్తావు, మేం నీకేం ద్రోహం చేశాం?" అని బల్లమీదాయన్ని దెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్లు. కస్తూరి కూడా తల దించుకుని నవ్వేది. అలా ఆయన ఆ బల్లకు మామయ్య అయ్యాడు.

ముందు చెయ్యి, భుజం నేర్చుకుంటారు. మెడ కింద అడ్డంగా, మెలిక తిరిగి ఉండే ఎముకను వాళ్లు క్లావికల్ అంటారు. మామయ్యకు రెండువైపులా అవి పుస్తకంలో బొమ్మ గీసినట్టు ఉన్నాయి. పంతొమ్మిదో నంబరు బల్లమీదాయనకు ఎడమవైపుది వంకరగా, మధ్యలో కణుపు కట్టి ఉందట. ఆ బల్ల పిల్లలకు అది తలనొప్పి అయింది. పుస్తకంలో అలాంటిది లేదు కాబట్టి ఆ ఎముక బాగాలేదని తేల్చి, పక్కకు నెట్టి, మా బల్ల దగ్గరకొచ్చి నేర్చుకుని పోయారు. మనిషి పుస్తకంలా లేకపోతే తప్పు మనిషిదే అన్నట్టు. అది ఎందుకలా ఉందని అడిగిన పాపాన పోలేదు. కస్తూరి ఒక్కతే ఓసారి వెళ్లి చూసి వచ్చి, నోట్‌బుక్కులో రెండు ఎముకల బొమ్మలూ పక్కపక్కన గీసుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం తరగతి ముగిసే వేళకు ఒకామె వచ్చింది. వెంట ఒక కానిస్టేబులు, ఆయన చేతిలో ఒక ఫైలు. పేరు గురవమ్మ. యాభై దాటిన మనిషి, చెమటకు తడిసిన ముతక చీర, చంకలో గుడ్డసంచి. తన తమ్ముడు బోరు లారీ మీద పనికి వెళ్లి తిరిగి రాలేదట. అతను బళ్లారి వైపు పోయాడని లారీ యజమాని చెబితే తొమ్మిది నెలలుగా అటువైపు ఊళ్లన్నీ తిరిగిందట. చివరికి ఎవరో చెబితే ఇక్కడి పోలీస్ స్టేషనుకొచ్చి, గుర్తుతెలియని మనుషుల ఫోటోలు చూసింది. ఒక ఫోటోలో ముఖం ఉబ్బిపోయి ఉంది గానీ చొక్కా గుర్తుపట్టింది. ఆ చొక్కా గుండీలు తనే కుట్టిందట, ఒకటి తక్కువైతే వేరే రంగుది వేసి. ఆ ఫోటో తాలూకు కాగితం పట్టుకుని ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇక్కడికి వచ్చింది.

విభాగం పెద్ద ప్రొఫెసర్ విమలాదేవి గారు రిజిస్టరు తెరిచారు. తేదీ సరిపోయింది. ఇరవై మూడు.

పిల్లల్ని బయటికి పొమ్మన్నారు. మామయ్య మీద తెల్లగుడ్డ కప్పడానికి సాయంగా కస్తూరిని మాత్రం ఉండమన్నారు. గుడ్డ అంచు సర్దుతుంటే ఆ అమ్మాయి వేళ్లు నాకు తగిలాయి. చల్లగా ఉన్నాయి. జకరయ్య బల్లకు అవతల నిలబడ్డాడు. ఆయన వంక నేను చూడలేకపోయాను.

విమలాదేవి గారు గురవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. చట్టప్రకారమే తెచ్చామనీ, పిల్లలకు చదువు చెప్పడానికి వాడామనీ, ముఖం చూపించే స్థితిలో లేదనీ. ఇప్పుడు మీరు అడిగితే మిగిలినది అప్పగిస్తామన్నారు. గురవమ్మ ఏడవలేదు. వినాల్సినంతా విని, తనకు కావలసింది చెప్పింది. మా వాండ్లు కాల్చరమ్మా, పూడుస్తారు. మా నాయన పక్కన వాడికి చోటు పెట్టినాం. వాడి పెండ్లాం తొమ్మిది నెలల్నుంచి అద్దం ముందర నిలబడి, బొట్టు పెట్టుకోవాల్నో వద్దో తెలీక కుంకుమ భరిణె మూసేస్తా ఉంది. అవునో కాదో నాకు తెలిస్తే చాలు. ఇంత ఎముక ఇచ్చినా చాలు.

తర్వాత లేచి నిలబడింది.

"ముఖం వద్దులేమ్మా. ఎడమ భుజం ఒకసారి తాకనీండి. తొమ్మిదేండ్లప్పుడు చింతచెట్టు మీదినుంచి పడినాడు. కొమ్మ దులపమని ఎక్కించింది నేనే. భుజం మీది ఎముక విరిగి కణుపు కట్టి అట్లే ఉండిపాయ. వాడు నిద్రపోతే దాని మీద చెయ్యేసి చూసుకుంటా ఉంటి."

విమలాదేవి గారు జాలిగా తల అడ్డంగా ఊపారు. చూడగలిగేదేం లేదమ్మా, తాకొద్దు, మందు అంటుతుంది, మా మాట నమ్మండి అన్నారు. గురవమ్మ, చదువుకున్నోళ్లు మీరు చెబితే సరేనమ్మా అంది. విమలాదేవి గారు అప్పగింత కాగితం ముందుకు జరుపుకుని కలం మూత తీశారు.

కస్తూరి అప్పటికే తెల్లబోయి ఉంది. ఈ గుడ్డ కింద ఉన్నాయన భుజాల్ని ఆ అమ్మాయి రెండునెలలు తన వేళ్లతో చదువుకుంది. ఏ ఎముకా ఎన్నడూ విరగలేదు. కణుపున్న ఎముక ఎక్కడుందో కూడా తెలుసు. కానీ రిజిస్టరు ఇంకోలా చెబుతోంది. ప్రొఫెసరు గారి ముందు నోరు తెరిచిన అలవాటు లేదు. నోరు తెరవకపోతే, గురవమ్మ ఈ మూట తీసుకుని వెళ్లిపోతుంది. తమ్ముడే అనుకుని వాళ్ల నాన్న పక్కన పూడుస్తుంది. ఆమె మనసు కుదుటపడుతుంది. ఎవరికీ ఏమీ కాదు. అసలైన తమ్ముడు నాలుగు బల్లల అవతల పంతొమ్మిదో నంబరుగా పడి ఉంటాడు, అంతే. ఆ ఆలోచనలన్నీ ఆ ముఖంలో ఒకదాని వెనక ఒకటి పోవడం నాకు కనిపించింది.

"మేడమ్," అంది కస్తూరి. ఎవరూ తలెత్తలేదు. మళ్లీ అంది. "మేడమ్, ఈయన భుజం ఎప్పుడూ విరగలేదు."

కలం ఆగిపోయింది. ఆ అమ్మాయి అనుకోనిది తర్వాతి క్షణంలో జరిగింది. గురవమ్మ కస్తూరి రెండు చేతులూ పట్టేసుకుంది. ఆమె ముఖంలోకి ఒక్కసారిగా వెలుగు వచ్చింది. నేను అంతమంది మనుషుల్ని చూశాను గానీ అలాంటి వెలుగు చూడలేదు. చూడాలనీ లేదు.

"అయితే వీడు మావాడు కాదా పాపా? మావాడు బతికే ఉండాడా?"

నిజం చెబితే చాలనుకుంది కస్తూరి. సగం నిజం ఇంత పని చేస్తుందని ఆ వయసులో ఎవరికి తెలుస్తుంది? తను అనుకుంటున్నది కేవలం అనుమానం, రుజువు లేదు. విమలాదేవి గారు ఆ అమ్మాయి వంకా రిజిస్టరు వంకా మార్చి మార్చి చూస్తున్నారు. గురవమ్మ సంచి మళ్లీ చంకలో పెట్టుకుంది. అప్పుడే ఊరికి పరిగెత్తి మరదలికి చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్టుంది.

జకరయ్య బల్ల చుట్టూ నడిచి ఆమె ఎదురుగా వచ్చాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఉన్నాడు, ఇక్కడే. ఆ బల్లమీద. బిళ్లలు మార్చి కట్టింది నేనే."

జూన్‌లో జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏ సాకూ చెప్పలేదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసని గానీ, పైఏడాదే రిటైరవుతున్నానని గానీ అనలేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ గురవమ్మ ముఖంలో వెలుగు కొంచెం కొంచెంగా వెళ్లిపోయింది. అది పూర్తిగా పోయేదాకా ఆయన చూపు తిప్పుకోలేదు. మనిషి తను చేసిన దాన్ని అలా నిలబడి చూడగలగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

పంతొమ్మిదో బల్ల దగ్గరకు వెళ్లారు. పుస్తకంలో బొమ్మలా లేదని పక్కన పెట్టేసిన ఆ ఎముకను కస్తూరి వెతికి, కడిగి, తుడిచి, గుడ్డముక్క మీద పెట్టి రెండు చేతులతో అందించింది. విమలాదేవి గారు ఈసారి వద్దనలేదు. గురవమ్మ కళ్లు మూసుకుని, బొటనవేలితో ఆ కణుపు మీద ఇటునుంచి అటు ఒకసారి రాసింది. వేలు అక్కడే ఆగిపోయింది.

కళ్లు తెరవకుండానే జకరయ్యను అడిగింది.

"వాడిని కడిగింది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే. తలకు కూడా పోశాను."

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, తిట్టనూలేదు. విమలాదేవి గారు రిజిస్టరు తెప్పించి, తప్పు తన విభాగానిదని తన చేత్తోనే రాసి సంతకం పెట్టారు. జకరయ్య నన్ను మామయ్య వేలి నుంచి విప్పి, అసలు వేలికి కట్టడానికి తీసుకెళ్లాడు. ఎనిమిది నెలల తర్వాత నా పాదం దగ్గరకు నేను చేరుతున్నాను. అప్పుడు గురవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కట్టొద్దు. వాడికి పేరుంది. ఓబులేసు."

కస్తూరి కలం తీసుకుని ఇరవై మూడు ఎదురుగా ఉన్న ఖాళీ గడిలో ఆ పేరు రాసింది. అడ్డగీత మీదే రాయాల్సి వచ్చింది. జకరయ్య నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఓబులేసు తెల్లగుడ్డలో, అక్క ఒళ్లో, వాళ్ల ఊరి బస్సెక్కాడు.

ఇప్పుడు నేను ఆ విభాగంలోనే ఒక బల్లసొరుగులో ఉన్నాను. పేరు దొరికిన నంబరును ఇంకెవరికీ కట్టకూడదని విమలాదేవి గారు పెట్టిన పద్ధతి ఆమె బదిలీ అయ్యాక కూడా నిలిచింది. కత్తెరకోసం సొరుగు లాగినప్పుడు కాస్త వెలుతురు చూస్తాను. పంతొమ్మిది ఇంకా పనిలోనే ఉంది, తొట్టిలోకీ బల్లమీదికీ తిరుగుతోంది. నాకు పని లేదు. ఇత్తడికి దక్కే గౌరవాల్లో ఇది పెద్దదేనని నా నమ్మకం.

ఈ సొరుగులోకి రావడానికి ముందు ఒకే ఒక్కసారి ఆ హాలు దాటి బయటికి వెళ్లాను. ఏప్రిల్‌లో, పరీక్షలయ్యాక, మామయ్యను పూడ్చిన రోజున. జకరయ్య అదే చొక్కా తొడుక్కున్నాడు, నేను జేబులోనే ఉన్నాను. మామూలుగా ఆ పనికి ఆయనా, ఇంకో కూలిమనిషీ వెళ్తారు. ఆ ఏడు కస్తూరి కూడా వస్తానంది. వెనకాలే ఫణి సైకిలు మీద వచ్చాడు, దారిలో చామంతులు కొన్నాడు. ఒక్క హాస్యమూ ఆడలేదు. ఎండ మండిపోతోంది. గొయ్యి తీసే మనిషి పార ఆనించి చెమట తుడుచుకుంటూ మూట వంకా, ఈ పిల్లల వంకా చూశాడు. అనాథశవాల వెంట ఎవరైనా రావడం ఆయన చూసి ఉండడు.

"ఎవరి తాలూకు?" అని అడిగాడు.

జకరయ్య కాలేజీ కాగితం తీయబోయాడు. కస్తూరి ఆయన కంటే ముందే చెప్పింది, క్లాసులో ఎన్నడూ వినిపించనంత స్పష్టంగా.

"మా తాలూకు."

ఆయన ఇంకేమీ అడగకుండా గొయ్యిలోకి దిగి, మూట అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు.